కుయ్యిమన్నదల్లా బంగారం కాదు

సంక్రాంతి సెలవులు దగ్గరపడితే మైపాడు, తుమ్మలపెంట, పాకల, కొత్తపట్నం బీచ్‌ల ఊసు ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో కనబడటం మామూలే. ఈసారి వాటి వెంట మెటల్ డిటెక్టర్ కూడా వచ్చింది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్కటిగా ఇస్తున్నాం.

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. వీడియోల్లో చూసి మెటల్ డిటెక్టర్ కొనమని ఒకటే పోరు. ఫోన్‌లో యాప్ వేసుకుంటే చాలదా? కొంటే ఎలాంటిది కొనాలి? (ఒక గృహిణి, నెల్లూరు)

జవాబు: యాప్ చాలదండీ. దిక్సూచి కోసం ఫోన్‌లో ఒక అయస్కాంత సెన్సర్ ఉంటుంది. యాప్ చదివేది దాన్నే. ఇనుము దగ్గరికొస్తే అంకె పెరుగుతుంది. బంగారం, వెండి, రాగి, అల్యూమినియం ఎంత దగ్గర పెట్టినా ఉలకదు, పలకదు.

అసలు మిషను పద్ధతి వేరు. కింద పళ్లెంలా ఉండే కాయిల్‌లో రెండు తీగచుట్లు ఉంటాయి. ఒకటి సెకనుకు వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని ఇసుకలోకి పంపుతుంది. కింద లోహం ఉంటే అందులో చిన్న విద్యుత్ సుడులు పుడతాయి. ఆ సుడులు పుట్టించే క్షేత్రాన్ని రెండో చుట్టు పసిగడుతుంది. అందుకే అయస్కాంతానికి అంటని లోహాలూ దీనికి దొరుకుతాయి.

ఎనిమిదేళ్ల పిల్లాడికి బరువే మొదటి లెక్క. మొత్తం కిలోకు మించితే పావుగంటలో చెయ్యి లాగుతుంది, తర్వాత మీరే మోయాలి. కాయిల్ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు, అది నీళ్లకు తట్టుకునేదై ఉండాలి. పైనున్న బటన్ల పెట్టె చాలా మిషన్లలో నీళ్లకు తట్టుకోదు, అది గుర్తుంచుకోండి. కర్ర పొడవు తగ్గించుకునే వీలుండాలి. బాబు నిటారుగా నిలబడి, మోచెయ్యి కాస్త వంచి పట్టుకుంటే కాయిల్ ఇసుకకు రెండు వేళ్ల ఎత్తులో ఆడాలి. నడుం వంచుతున్నాడంటే కర్ర పొట్టిదైందన్నమాట. సెన్సిటివిటీకి (ఎంత సన్నటి జాడకు పలకాలన్నది) ఒకటి, డిస్క్రిమినేషన్‌కు (ఏ లోహానికి పలకాలి, దేన్ని వదిలేయాలన్నది) ఒకటి, విడివిడిగా రెండు నాబ్‌లు ఉండాలి. రెండోదాన్ని సున్నాకు తిప్పుకునే వీలు లేని మిషను మన బీచ్‌లకు పనికిరాదు. ఎందుకో ఇదే పేజీలో ఒంగోలు పాఠకుడికి చెప్పాం.

డబ్బా మీద మీటర్ల లోతు రాసుంటే నమ్మకండి. నాణెం సైజు వస్తువు పొడి ఇసుకలో ఇంచుమించు కాయిల్ వెడల్పంత లోతులోనే దొరుకుతుంది, చిన్న మిషన్లలో ఇంకా తక్కువే. కొనేముందు పది రూపాయల బిళ్ళను గాలిలో కాయిల్ ముందు ఆడించి చూడండి. నాలుగైదు అంగుళాల దూరం నుంచైనా పలకకపోతే అది ఆటబొమ్మే. ఈ పరీక్ష చేసేటప్పుడు కిందున్న ఇనుప టేబుల్‌కు దూరంగా నిలబడండి.

మిషనుతో పాటు చిల్లుల ప్లాస్టిక్ తోడుగరిట ఒకటి కావాలి. వంటింట్లో కూరగాయలు కడిగే ప్లాస్టిక్ జల్లిబుట్ట కూడా సరిపోతుంది. ఇనుప తాపీ తీసుకెళితే కాయిల్ దగ్గరికి తెచ్చినప్పుడల్లా అదే మోగుతుంది. ఆడపిల్ల అయితే కాళ్ల పట్టీలు, గాజులు ఇంట్లోనే తీసి వెళ్లండి. కాయిల్ ఊపే పాప పాదం పక్కనే పట్టీ ఉంటే ప్రతి ఊపుకీ ఒక దొంగ మోత ఖాయం. ఇనుప కళ్లున్న బూట్లూ అంతే.

ప్రశ్న: కొత్త మిషను తీసుకుని మా పాపతో మైపాడు వెళ్లాం. పొడి ఇసుకలో బుద్ధిగానే ఉంది. అలలు తడిపిన చోటికి దిగగానే ఆగకుండా కుయ్యిమంటూనే ఉంది. తవ్వితే ఏమీ లేదు. కొన్నచోట అడిగితే "సముద్రం దగ్గర అంతే సార్" అన్నారు. మిషను పాడైందా, మేం మోసపోయామా? (ఒక ఉపాధ్యాయుడు, కావలి)

జవాబు: రెండూ కాదు. అమ్మినాయన చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పాడు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. తడి ఇసుక మీద కాయిల్ పెడితే దాని కిందున్న తడి మొత్తం ఒక పెద్ద పల్చటి లోహంలా మిషనుకు కనబడుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్లన్నిటికీ ఇదే జబ్బు. పిల్లలకు కొనేవి దాదాపు అన్నీ ఆ రకమే.

కొంత దారికి తెచ్చుకోవచ్చు. సెన్సిటివిటీ సగానికి తగ్గించండి. కాయిల్‌ను ఒకే ఎత్తులో ఉంచండి, పైకీ కిందికీ ఆడితే ఉప్పు మోత కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. పొడి నుంచి తడికి, తడి నుంచి పొడికి అడ్డంగా నడవొద్దు. నీటి అంచు వెంబడి, ఒకే తడి ఉన్న పట్టీలో సాగండి. గ్రౌండ్ బ్యాలెన్స్ నాబ్ (నేల పుట్టించే మోతను అణిచేది) ఉంటే ఆ తడి మీదే కాయిల్‌ను రెండంగుళాల నుంచి పదంగుళాల దాకా ఎత్తుతూ దించుతూ మోత సమం అయ్యేదాకా తిప్పండి. వీటికీ ఒక ఖరీదుంది. మిషను లెక్కలో ఉప్పు పలికే చోటే సన్నటి బంగారు ఉంగరం కూడా పలుకుతుంది. ఉప్పు నోరు పూర్తిగా మూయించారంటే ఉంగరం నోరూ మూతపడినట్టే.

పెద్ద మిషన్లలో మల్టీ ఫ్రీక్వెన్సీవి ఈ ఉప్పును లెక్కగట్టి తీసేస్తాయి. పల్స్ ఇండక్షన్ అనే రకం ఉప్పును పెద్దగా ఖాతరు చెయ్యదు. కానీ అది మేకునూ ఉంగరాన్నీ విడదీసి చెప్పలేదు, బరువూ ఎక్కువే. పిల్లలతో వెళ్లేవాళ్లకు మా సలహా ఒకటే: పొడి ఇసుకలోనే ఉండండి. జనం కూర్చునేది, తినేది, జేబులు దులుపుకునేది అక్కడే.

ఇంకో దొంగ నల్ల ఇసుక. మన తీరంలో అక్కడక్కడా ఇసుక మీద నల్లటి గీతలు కనబడతాయి. ఇల్మెనైట్, గార్నెట్, కొంచెం మాగ్నటైట్ కలిసిన బరువైన ఖనిజాలవి. పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆ గీతలో తిప్పమనండి పాపను. కవరుకు నల్లటి మీసాలు మొలుస్తాయి. కవరు తిరగేస్తే రాలిపోతాయి. పిల్లలకు మిషను కన్నా ఇదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు. ఈ ఖనిజం మిషనును ఉప్పుకు ఎదురు దిక్కులో లాగుతుంది. ఉప్పుకు సరిచేస్తే నల్ల ఇసుకకు చెడుతుంది, దీనికి సరిచేస్తే దానికి చెడుతుంది.

అలాగని నల్లగీతను వదిలి వెళ్లకండి. మామూలు ఇసుక నీటి కన్నా రెండున్నర రెట్లు బరువు, ఇల్మెనైట్ నాలుగున్నర రెట్లకు పైనే, సీసం పదకొండు, స్వచ్ఛమైన బంగారం పంతొమ్మిది. అల తేలికదాన్ని ఊడ్చుకుపోయి బరువుదాన్ని వదిలిన చోటే ఆ గీత పడింది. సీసపు గుళ్లు, ఉంగరాలు ఆగేదీ అలాంటి చోటే. మిషను సతాయించినా అక్కడ మెల్లగా ఆడించండి.

దొంగ మోతను పట్టే పద్ధతి సులువు. నిజం వస్తువైతే ఎడమ నుంచి ఊపినా కుడి నుంచి ఊపినా అదే చోట మోగుతుంది. తొంభై డిగ్రీలు తిరిగి మళ్లీ ఊపండి, మోత జరిగిపోతే తవ్వొద్దు. కర్రకు చుట్టిన కేబుల్ వదులైనా, కాయిల్ మూతలో ఇసుక చేరినా ఇలాంటి మోతలే వస్తాయి.

ప్రశ్న: పెరట్లో రూపాయి, పది రూపాయల బిళ్ళలు పూడ్చి మా అబ్బాయికి ఆటగా పెట్టాను. పది రూపాయలకు చక్కగా పలికిన మిషను రూపాయికి నోరు మెదపలేదు. సోడా మూతకు మాత్రం గట్టిగా మోగింది. ఇదేం న్యాయం? (ఒక చిరు వ్యాపారి, ఒంగోలు)

జవాబు: మీ రూపాయికి అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అంటుకుంటుంది. 1992 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలుది. నూటికి 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియం. అంతకుముందు రాగి, నికెల్ కలిపిన రూపాయి ఉండేది, దానికి అయస్కాంతం అంటదు. ఈ మిషన్లను నాణేల్లో రాగి, నికెల్ ఎక్కువగా వాడే దేశాలను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. "కాయిన్స్" అనే బటన్ నొక్కితే ఇనుమును చెత్తగా లెక్కగట్టి నోరు మూసుకుంటాయి. ఆ లెక్కలో మన రూపాయి కూడా మేకులాంటిదే. పది రూపాయల బిళ్ళకు చుట్టూ ఉన్న పసుపు వలయంలో రాగి ఎక్కువ కాబట్టి అది గట్టిగా పలికింది.

సోడా మూత కూడా ఇనుమే కదా అంటారు. నిజమే. కానీ పల్చగా, గుండ్రంగా, వెడల్పుగా ఉండటం వల్ల అందులో సుడులు బాగా తిరుగుతాయి, మిషను మంచి లోహమని పొరబడుతుంది. అన్ని మిషన్లనూ ఏమార్చే వస్తువు అది. చిట్కా ఒకటుంది. మోగిన చోట కాయిల్‌ను మెల్లగా వెనక్కి లాగి అంచును మాత్రమే దాని మీదికి తెండి. మూత అయితే తరచు గరగరమని ఇనుప మోతకు దిగుతుంది, నాణెం మోత మారకుండా సన్నబడుతుంది.

బంగారంతో ఇంతకన్నా పేచీ. సన్నటి ఉంగరం, బిర్యానీ పొట్లం అల్యూమినియం రేకు, డబ్బా మూత తెరిచే రింగు, మూడూ మిషను మీటరు మీద ఒకే ప్రాంతంలో పడతాయి. రేకు వద్దనుకుని డిస్క్రిమినేషన్ పెంచితే ఉంగరమూ పోతుంది. కాబట్టి నాబ్ సున్నాలో పెట్టి, కుయ్యిమన్నదల్లా తవ్వడమే. విసుగే, కానీ పిల్లలు తవ్వడానికి విసుక్కోరు.

పెరటి ఆట బాగుంది, దాన్నే కాస్త పద్ధతిగా చెయ్యండి. కాంక్రీటు గచ్చుకు మీటరు దూరంగా ఉండాలి, లోపలి ఇనుప కడ్డీలు మోగుతాయి. ఇనుప గమేళా వద్దు, ప్లాస్టిక్ టబ్బులో ఇసుక పొయ్యండి. రూపాయి, పది రూపాయలు, పాత అల్యూమినియం పది పైసలు, వెండి మెట్టె, పిన్నీసు, సోడా మూత, రేకు ఉండ ఒక్కోటీ రెండు, నాలుగు, ఆరు అంగుళాల లోతున పెట్టి మోత వినిపించండి. తర్వాత అబ్బాయి కళ్లు మూసుకుని, మోత విని అది ఏ వస్తువో చెప్పాలి. బీచ్‌కు వెళ్లేముందు ఒక సాయంత్రం ఇలా గడిపితే అక్కడ సగం గుంటలు తప్పుతాయి.

ప్రశ్న: పాకల బీచ్‌కు పిల్లలతో ఏ వేళ వెళితే మంచిది? ఎక్కడ వెతకాలి? ఎవరేం చెయ్యాలి? (ఇద్దరు పిల్లల తండ్రి, సింగరాయకొండ)

జవాబు: తెల్లవారి వెళ్లి తొమ్మిదికల్లా తిరిగి రండి. జనం వచ్చిపోయిన మర్నాడు మేలు: కార్తీక పౌర్ణమి స్నానాలు, కనుమ, ఆదివారాలు. బజ్జీల బండ్ల ముందు, బళ్లు నిలిపే చోట, షామియానా నీడ పడే చోట మొదలుపెట్టండి. అక్కడ చెత్త కూడా ఎక్కువే. తుపాను తర్వాత అల ఇసుకను కోసేసి మోకాలెత్తు మెట్టులా వదిలితే ఆ మెట్టు అడుగున పెద్దవాళ్లు చూడొచ్చు. పిల్లల్ని మాత్రం ఆ మెట్టు కింద నిలబెట్టకండి, విరిగి మీద పడుతుంది. ఆటుపోట్లు రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు బాగా వెనక్కి పోతుంది, అంతే బాగా ముందుకూ వస్తుంది.

ఊపేది ఒకరు, తవ్వేది ఒకరు. పది నిమిషాలకోసారి మార్చుకోవాలి. ఏడేళ్ల లోపు పిల్లలకు తవ్వడమే సరైన పని. కాయిల్‌ను ఇసుకకు సమాంతరంగా, గడియారం లోలకంలా చివర్లలో లేవకుండా, ఒక అడుగుకు కాయిల్‌లో సగం మేర మళ్లీ కవరయ్యేలా ఊపాలి. పిల్లలంతా చేసే తప్పు వేగం. ఎడమ నుంచి కుడికి ఒక ఊపుకు "ఒకటీ, రెండూ" అని లెక్కపెట్టేంత సమయం తీసుకోమనండి. మోగిన చోట నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఊపితే రెండు గీతలు కలిసేది వస్తువున్న చోటు. దాని మీదే పొడవకుండా నాలుగు వేళ్లు పక్కగా గరిట దించి, ఎత్తి, పక్కన పొయ్యాలి. మళ్లీ గుంట మీద ఊపాలి. మోత ఆగితే వస్తువు కుప్పలో ఉంది, ఆగకపోతే ఇంకా కిందే ఉంది. కుప్పను చేత్తో కెలకనివ్వొద్దు, జల్లిబుట్టలో పోసి ఆడించండి. గాలాలు, తుప్పు మేకులు, గాజుపెంకులు, ఒక్కోసారి ఇంజెక్షన్ సూదులు కూడా వస్తాయి. తోట పనికి వాడే గ్లౌజులు వెయ్యండి. ధనుర్వాతం రాకుండా ఐదారేళ్లకు వేయించే డీపీటీ బూస్టరు, పదేళ్ల టీడీ టీకా పడ్డాయో లేదో కార్డు చూసుకోండి.

గుంట పిల్లాడి మోకాలు దాటకూడదు. ఇసుక గోడ చెప్పి కూలదు. తవ్వాక పూడ్చి తొక్కేదాకా తర్వాతి మోత వినకూడదని ఇంట్లోనే షరతు పెట్టండి. పెద్దవాళ్లు ఎప్పుడూ సముద్రం వైపే నిలబడాలి. హెడ్‌ఫోన్ పెట్టుకున్న పిల్లాడికి అల వినబడదు, మీ కేకా వినబడదు. ఒక చెవి వదిలేసి పెట్టుకోమనండి.

వలలు ఆరేసిన చోట, పడవల చుట్టూ వెళ్లకండి. అది మత్స్యకారుల పనిచోటు, పైగా ఇనుము, సీసం తప్ప ఏమీ దొరకవు. జనవరి నుంచి ఎండలు ముదిరేదాకా పై ఇసుకలో ఇంకో జాగ్రత్త. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెడతాయి. నీటి నుంచి పైకి, మళ్లీ కిందికి చిన్న ట్రాక్టరు టైరు అచ్చులా జాడ కనబడితే ఆ దరిదాపుల్లో గరిట ముట్టుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది.

ప్రశ్న: కొత్తపట్నంలో పొడి ఇసుకలో కూర్చున్నప్పుడు మా ఆవిడ మెడలోని సన్న గొలుసు తెగిపడింది. మళ్లీ ఇలా జరిగితే మిషనుతో దొరుకుతుందా? (ఒక పాఠకుడు, టంగుటూరు)

జవాబు: ఉంగరమైతే గట్టిగా ఔనని చెప్పేవాళ్లం. సన్న గొలుసు కష్టం. మిషను గొలుసును ఒక్క వస్తువుగా చూడదు, వందల చిన్న చిన్న లంకెలుగా చూస్తుంది. ఒక్కో లంకె పలికేది అతి తక్కువ. తరచు కొక్కెం ఒక్కటే మోగుతుంది. సూత్రాల తాడైతే నయం. గొలుసు పలకకపోయినా రెండు బొట్టుబిళ్ళలూ పలుకుతాయి, అవి గుండ్రటి రేకులు కదా.

పడిందని తెలియగానే ఎవరినీ అటూ ఇటూ తొక్కనివ్వకండి. పొడి ఇసుకలో పడ్డ వస్తువు మొదట్లో రెండు మూడంగుళాల లోపే ఉంటుంది, తొక్కిన కొద్దీ దిగుతుంది. ఫోన్‌లో ఆ రోజు తీసిన ఫొటోలు వరసగా చూడండి. గొలుసు కనబడిన ఆఖరి ఫొటో, కనబడని మొదటి ఫొటో, ఈ రెంటి మధ్య ఎక్కడున్నారో అదే వెతకాల్సిన జాగా. నాలుగు వెదురు పుల్లలు, ప్లాస్టిక్ తాడుతో ఐదు మీటర్ల చదరం కట్టి, మీటరు పట్టీలుగా ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వెళ్లండి. డిస్క్రిమినేషన్ సున్నా, సెన్సిటివిటీ మోత నిలకడగా ఉండేంతవరకు ఎక్కువ, కాయిల్ ఇసుకను రాసుకునేంత కిందికి. ఒక చదరానికి అరగంట పైనే పడుతుంది. గొలుసు విషయంలో మాత్రం మిషనుకన్నా జల్లెడ మెరుగు. పై మూడంగుళాల ఇసుక ఎత్తి బియ్యం జల్లెడలో ఆడించండి. అల తగిలే చోట పడితే తర్వాతి పోటు వచ్చేలోపు వెతకాలి, ఆ తర్వాత లెక్క మారిపోతుంది. సెక్యూరిటీ గార్డుల చేతి డిటెక్టర్ రెండు మూడంగుళాలకు మించి చూడదు, కుప్పలో ఉందో లేదో తేల్చడానికి పనికొస్తుంది.

ప్రశ్న: దొరికింది మనదేనా? పాత నాణేలు దొరికితే ఏం చెయ్యాలి? (డిగ్రీ విద్యార్థి, కందుకూరు)

జవాబు: ఈమధ్య ఎవరో పోగొట్టుకున్న ఉంగరం, గొలుసు వాళ్లదే. దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. దురుద్దేశంతో అట్టే పెట్టుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కిందికి వస్తుంది. చిల్లర నాణేల గురించి ఎవరూ రారు.

భూమిలో దాచిన పాత నిధి అయితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే చాలు (1878లో పెట్టిన అంకె అది), ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాసి ఇవ్వాలి. దాస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 పురావస్తువుల చట్టం కూడా ఉంది. పురావస్తు శాఖ రక్షిత స్థలాల్లో తవ్వడం సంగతి తలపెట్టకండి. ఇదంతా మనకెందుకు అనుకోవద్దు. 1786లో నెల్లూరు దగ్గర పొలం దున్నుతున్న రైతుకు రోమన్ బంగారు నాణేలు దొరికాయి, వాటిలో ట్రాజన్, హేడ్రియన్ కాలం నాటివి ఉన్నాయి. ఈ తీరానికి పడవల వ్యాపారం అంత పాతది. కృష్ణపట్నం, రామాయపట్నం ఓడరేవుల పరిసరాల్లో మిషను బయటికి తీయకండి. మిగతాచోట్ల ముందే మెరైన్ పోలీసులకో పంచాయతీకో ఒక మాట చెప్పి వెళితే ఎవరైనా అడిగినా ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: ముప్పై అడుగుల లోతులో లంకెబిందెలున్నా చూపే మిషను అద్దెకిస్తామంటున్నారు. నమ్మొచ్చా? (ఒక రైతు, కనిగిరి)

జవాబు: నమ్మొద్దు. రెండు యాంటెన్నా పుల్లలు తిరిగి దిక్కు చూపే "లాంగ్ రేంజ్ లొకేటర్" వట్టి మాయ, పుల్లను తిప్పేది పట్టుకున్న చెయ్యే. అడ్వాన్సు ఇవ్వకండి. ఇస్తే పోయింది మీ లంకెబిందె అనుకోండి.

ప్రశ్న: దొరికిన బిళ్ళలు పచ్చబడి ఉన్నాయి. చింతపండుతో తోమితే పోతుందా? మిషను ఎలా శుభ్రం చెయ్యాలి? (ఒక పాఠకురాలు, అల్లూరు)

జవాబు: చింతపండుతో పోతుంది, దాంతోపాటు పైపొర కూడా పోతుంది. చెలామణిలో ఉన్న చిల్లర అయితే తోముకోండి. పాతదని ఏమాత్రం అనుమానమున్నా చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బ్రష్ ఏదీ ముట్టించొద్దు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజు విడిచి రోజు నీళ్లు మారుస్తూ వారం పది రోజులు ఉంచితే లోపల చేరిన ఉప్పు దిగుతుంది. ఉప్పు మిగిలితే ఆరిన తర్వాత కూడా పచ్చటి పొడి రాలుతూనే ఉంటుంది.

మిషనుకు మంచినీళ్లు కాయిల్ వరకే, పైపెట్టెను తడిగుడ్డతో తుడవండి. కాయిల్ మూత ఊడదీసి లోపలి నల్ల ఇసుక కడగండి. కర్ర జాయింట్లలో ఇసుక ఉండగా తిప్పితే గీతలు పడి బిగుసుకుంటుంది, ముందు కడిగి తర్వాతే విప్పండి. నీడలో ఆరబెట్టి, నెలరోజులు వాడకపోతే బ్యాటరీలు తీసేయండి, అవి కారితే స్ప్రింగులు తినేస్తాయి. దొరికిన వాటిలో సీసపు గుళ్లుంటే పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగించాకే బజ్జీలు.